తాళంచెవి ఎవరు తీసేశారు? ఇంగ్లిష్ కొంటె పాటల కథ

ఇంగ్లాండ్ స్కూళ్ళలో తరతరాలుగా పిల్లలకు నేర్పిన పాట ఒకటుంది. పేరు 'స్ట్రాబెరీ ఫెయిర్'. ఒక అమ్మాయి తిరనాళ్ళకి పోతుంటుంది, దారిలో ఒక అబ్బాయి కలుస్తాడు, నాలుగు మాటలు నడుస్తాయి. మధ్యలో అర్థంలేని పల్లవి. టీచరమ్మ పియానో వాయిస్తుంటే క్లాసంతా గొంతు కలిపి పాడుకునే రకం.

పాత పాటలో ఆ అమ్మాయి దగ్గర ఒక తాళం ఉంటుంది, దానికి తాళంచెవి లేదు. దారిలో కలిసినవాడి దగ్గర తాళంచెవి ఉంటుంది. మిగతాది చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దం చివర్లో డెవన్ ప్రాంతంలో ఈ పాటను సేకరించిన సబైన్ బేరింగ్-గూల్డ్, లూ ట్రెంచర్డ్ అనే పల్లెలో చర్చి గురువు. క్రైస్తవ సైనికుల్లారా ముందుకు సాగండంటూ సాగే ప్రసిద్ధమైన స్తోత్రం కూడా ఆయన రాసిందే. అంతటి మనిషి తాళాన్నీ తాళంచెవినీ అచ్చులోకి ఎలా పోనిస్తాడు? ట్యూన్ ఉంచుకుని, మాటలు తనే కొత్తగా రాసి పుస్తకంలో వేశాడు. ఆ శుభ్రమైన పాటే బళ్ళోకి వెళ్ళింది.

ఇక్కడితో ఆగితే ఇది పంతులుగారి చాదస్తం మీద ఒక జోకు. కానీ ఆయన పల్లెవాళ్ళ దగ్గర విన్న మాటల్ని పారేయలేదు. చేతిరాతతో నీటుగా ఎత్తిరాసి ఒక ప్రతిని ప్లిమత్ లైబ్రరీకి ఇచ్చాడు. అచ్చుకి ఒక పాట, బీరువాకి ఒక పాట. ఇంగ్లిష్ జానపద సంగీతం చరిత్రలో సగం చిక్కు ఈ రెండు ప్రతుల మధ్యే ఉంది.

మిగతా సగం వేరే చోట ఉంది. అది తెలియాలంటే ఒక జంటను పరిచయం చేయాలి.

జాన్ రాబర్ట్స్, టోనీ బరాండ్ ఇద్దరూ ఇంగ్లాండ్‌లో పుట్టినవాళ్ళు. సైకాలజీలో పై చదువుల కోసం అమెరికా వెళ్ళి, 1960ల చివర్లో కార్నెల్ యూనివర్సిటీలో కలిశారు. పాడటం సరదాగా మొదలైంది, 1971లో మొదటి ఎల్పీ (ఎక్కువసేపు పాడే పెద్ద గ్రామఫోన్ రికార్డు) వచ్చింది. 2022లో బరాండ్ చనిపోయేదాకా, అంటే దాదాపు అర్ధ శతాబ్దం, ఆ జంట సాగింది. ఒకరి చేతిలో కాన్సర్టీనా అనే చిన్న తిత్తి వాయిద్యం, అదే చేతిలో అప్పుడప్పుడు బాంజో. చాలాసార్లు అదీ ఉండదు, రెండు గొంతులే. వాళ్ళు పాడేవి చూస్తే హత్యల కథాగీతాలు, దయ్యాల కథలు, ఓడ కళాసుల పాటలు, తాగుబోతుల పాటలు, పచ్చి సరసం, వాటి పక్కనే లండన్ మ్యూజిక్ హాల్ వేదికల మీద టిక్కెట్టు పెట్టి పాడిన హాస్యం పాటలు.

మన పరిభాషలో చెప్పాలంటే బొబ్బిలి కథ, ఒక జావళి, పాత నాటకాల్లో హాస్యగాడు మధ్యలో వచ్చి పాడే పాట, మూడూ ఒకే కచేరీలో పెట్టినట్టు. వినేవాళ్ళకి హాయిగానే ఉంటుంది. కానీ జానపదమంటే ఇదీ అని వందేళ్ళ క్రితం గీత గీసినవాళ్ళు లేచొచ్చి ఈ కచేరీ వింటే మధ్యలోనే లేచిపోతారు. వాళ్ళ లెక్కలో బూతు పాటకి చోటు లేదు, మ్యూజిక్ హాల్ పాటకి అసలే లేదు. రెండింటినీ ఒకే గుమ్మంలోంచి గెంటేశారు, కారణాలు మాత్రం వేరు. ఒకటి మురికి, రెండోది చౌకబారు.

మొదట మురికి సంగతి.

18వ శతాబ్దంలో థామస్ పెర్సీ అనే ఆయనకి ష్రాప్‌షైర్‌లోని షిఫ్నల్ అనే ఊళ్ళో, స్నేహితుడి ఇంట్లో ఒక పాత చేతిరాత పుస్తకం కనబడింది. పనిమనుషులు దాని కాగితాలు చించి నిప్పు రాజేస్తున్నారు. ఆపి, అడిగి తెచ్చుకున్నాడు. సుమారు 1650 నాటి పాటల కట్ట అది. అందులోంచి ఏరి, మెరుగుపెట్టి 1765లో పెర్సీ వేసిన పుస్తకం యూరప్ అంతటా జానపద గేయాల పిచ్చి పుట్టించింది. పెర్సీ తర్వాత బిషప్ అయ్యాడు. ఆయన ఏరకుండా వదిలేసినవి మరో వందేళ్ళు అలాగే ఉన్నాయి. చివరికి 1867-68లో హేల్స్, ఫర్నివాల్ అనే ఇద్దరు పండితులు మొత్తం చేతిరాతనీ అచ్చు వేశారు. మొత్తం అంటే మొత్తమే, కానీ కొంటె పాటల్ని మాత్రం తీసి విడి సంపుటంగా వేశారు. ఒకే కట్టలో రెండు వందల ఏళ్ళు కలిసి ఉన్న పాటలకి అచ్చులో వేరుకాపురం.

ఆ విడి సంపుటంలో ఒక పీత పాట ఉంది. భార్య ముచ్చటపడిందని మొగుడు బతికున్న సముద్రపు పీతను కొనుక్కొస్తాడు. రాత్రి ఎక్కడ పెట్టాలో తోచక మంచం కింద ఉచ్చపోసుకునే కుండలో పడేస్తాడు. అర్ధరాత్రి ఆవిడ లేచి చీకట్లో ఆ కుండ వాడుకోబోతుంది, పీత పట్టుకుంటుంది. విడిపించడానికి వంగిన మొగుడి ముక్కుని రెండో కొండి పట్టుకుంటుంది. అంతే కథ. ఇందులో శృంగారం కన్నా ప్రహసనం ఎక్కువ, మన పల్లెల్లో రచ్చబండ దగ్గర చెప్పుకునే మోటు కథల బాపతు. 1650 నాటికే చేతిరాతకెక్కిన ఈ పాట 20వ శతాబ్దంలోనూ అటు పల్లెటూళ్ళలో, ఇటు అమెరికాలో జనం నోళ్ళలో బతికే ఉంది. మూడు వందల ఏళ్ళు ఎవరూ బడిలో నేర్పలేదు, మర్యాదస్తుల పుస్తకాల్లో వేయలేదు. 1882 నుంచి 1898 దాకా హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ ఇంగ్లిష్, స్కాటిష్ కథాగీతాలన్నిటికీ ప్రామాణికంగా 305 అంకెలిచ్చాడు. పీతకి అంకె దొరకలేదు.

బూతు పాటలన్నీ ఇలా దొరికిపోయాయనుకుంటే పొరపాటు. కొన్ని చాలా తెలివిగా తప్పించుకున్నాయి.

ఒక సిపాయి, ఒక అమ్మాయి చేయీచేయీ పట్టుకుని వాగు ఒడ్డుకి నడుస్తారు. కూర్చుంటారు. సిపాయి సంచిలోంచి ఫిడేలు తీస్తాడు, తీగలు సవరించి లోయ మారుమోగేలా వాయిస్తాడు. అదుగో కోయిల పాడుతోంది అంటుంది ఆమె (నిజానికి అది నైటింగేల్, మన చెవికి కోయిలే దగ్గర). ఇంక వెళ్ళాలంటాడతను. ఇంకొక్కసారి ఆ రాగం వాయించవా అంటుంది. పెళ్ళి చేసుకుంటావా అని కూడా అడుగుతుంది. అప్పుడు చెప్తాడు, ఇంటి దగ్గర పెళ్ళాం ఉందని.

17వ శతాబ్దంలోనే వీధుల్లో అమ్మిన ఒంటికాగితం అచ్చుప్రతిగా ఉన్న పాట ఇది. పైపైన చదివితే ఇందులో ఒక్క తప్పు మాట లేదు. ఫిడేలు ఫిడేలే, వాగు వాగే. పాటల సేకర్త సెసిల్ షార్ప్ దీన్ని 1916-18 మధ్య అమెరికాలోని అపలాచియన్ కొండల్లో కూడా రాసుకున్నాడు, అచ్చులోకీ వెళ్ళింది. ఈ రకం పాటల కిటుకంతా పనిముట్లలో ఉంది. దున్నేవాడికి నాగలి, నేతగాడికి నాడె, బండివాడికి కొరడా, గిన్నెలకి మాట్లేసేవాడికి సుత్తి. ఎవడి వృత్తి వాడికి ఒక భాష ఇస్తుంది. పాడేవాడు మొహం కదపకుండా పాడతాడు, వినేవాళ్ళు తలొంచుకుని నవ్వుకుంటారు, పక్కనున్న పసివాడికి అది నాగలి పాట. కత్తెర పట్టుకు కూర్చున్నవాడికి చిక్కాల్సింది మాట, ఇక్కడ మాటలో ఏమీ లేదు. పీత దొరికిపోయింది, ఫిడేలు తప్పించుకుంది. కాబట్టి బూతు తీసేసిన సంకలనం అని దేన్నయినా అన్నప్పుడు, తీసింది చాలాసార్లు అమాయకమైన మోటుతనాన్ని, మిగిల్చింది అసలు సిసలు శృంగారాన్ని.

షార్ప్ గురించి ఒక మాట. 1903లో సోమర్సెట్‌లో ఒక చర్చి ఇంటి తోటలో తోటమాలి పాడుకుంటున్న పాట విని సేకరణ మొదలుపెట్టాడు, తర్వాత వేల పాటలు రాసుకున్నాడు. నోటుపుస్తకంలో నిజాయితీగా విన్నది విన్నట్టే రాసేవాడు, పుస్తకానికి వచ్చేసరికి దిద్దేవాడు. పిరికితనమని తేలిగ్గా అనేయొచ్చు గానీ ఆయన లెక్క వేరు. ఈ పాటలు బళ్ళలోకి వెళ్ళకపోతే చచ్చిపోతాయని నమ్మాడు. 1906లో ఆయనా బేరింగ్-గూల్డూ కలిసి బడి పిల్లల కోసమే ఒక పాటల పుస్తకం తెచ్చారు. పిల్లల కోసం దిద్దిన ప్రతే పెద్దలకీ ప్రమాణమైపోవడం అసలు నష్టం. ఈ పెద్దమనుషులు నోటుపుస్తకాల్లో ఏం రాసుకున్నారో మామూలు పాఠకులకి తెలిసింది 1958లో, 1960లో జేమ్స్ రీవ్స్ అనే కవి వాటిని తిరగేసి అసలు మాటలతో పుస్తకాలు వేశాక.

ఇప్పుడు చౌకబారు సంగతి. ఇది ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఇక్కడ కారణం నీతి కాదు, అభిరుచి.

1899లో ఫోక్-సాంగ్ సొసైటీ ప్రారంభోపన్యాసంలో సంగీతకర్త హ్యూబర్ట్ పారీ జానపద గీతాన్ని ఆకాశానికెత్తి, దానికి శత్రువుగా అప్పటి నగరాల చవక పాటను నిలబెట్టాడు. ఆయన మాటల సారం ఇది: పల్లె పాట నేలలోంచి మొలిచింది, నగరం పాట అమ్మకానికి తయారైంది, రెండోది మొదటిదాన్ని చంపేస్తోంది. నగరం పాటంటే ముఖ్యంగా మ్యూజిక్ హాల్ పాటే.

ఈ హాళ్ళు పబ్బుల వెనక గదుల్లో పుట్టాయి. 1843 చట్టం ప్రకారం నాటకం వేసేచోట కూర్చుని తాగకూడదు, తాగేచోట నాటకం వేయకూడదు, పాటలు పాడుకోవచ్చు. వ్యాపారం తెలిసినవాడికి ఆ సందు చాలు. 1852లో ఛార్లెస్ మోర్టన్ లండన్‌లోని లాంబెత్‌లో కాంటర్బరీ హాల్ తెరిచాడు. బల్లలు, బీరు, తిండి, ముందు కూర్చుని సుత్తితో బల్ల కొడుతూ తర్వాతి కళాకారుణ్ణి పిలిచే ఒక చైర్మన్. పేరున్న గాయకులు ఒక్క రాత్రిలో మూడు నాలుగు హాళ్ళు తిరిగేవాళ్ళు, గుర్రపు బండెక్కి ఒకచోట దిగి పాడి ఇంకోచోటికి. పాటలు రాసేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు, డబ్బిచ్చి పాట కొనుక్కున్న గాయకుడిదే ఆ పాట. కోరస్ సులువుగా ఉండాలి, రెండోసారికే హాలంతా అందుకోవాలి.

అలా నేర్చుకున్న కోరస్ హాలు గోడల మధ్య ఆగుతుందా? రైలెక్కింది, సిపాయితో బారకాసుకి పోయింది, ఓడెక్కింది. శనివారం రాత్రి పల్లె పబ్బులో మూడు వందల ఏళ్ళనాటి కథాగీతం పాడిన నోరే, దాని వెంటనే పోయినేడాది లండన్‌లో పుట్టిన పాట పాడింది. సేకర్తలు వచ్చారు, మొదటిది రాసుకున్నారు, రెండోదానికి పెన్సిలు పక్కన పెట్టారు. ఆ నోటుపుస్తకాలు చూసి, ఇంగ్లాండ్ పల్లెవాళ్ళు నూరేళ్ళు పాత పాటలే పాడుకుంటూ కూర్చున్నారని మనం అనుకుంటున్నాం. పెళ్ళికి వెళ్ళినవాడు తనకు నచ్చిన వంటలు మాత్రమే ఫొటో తీస్తే ఆల్బం ఎలా ఉంటుందో అలా.

1970లో స్టీవ్ రౌడ్ అనే లైబ్రేరియన్ పాటలకు తన ఇండెక్సు (జాబితా) మొదలుపెట్టి ఈ గీతను చెరిపేశాడు. ఆయన కొలత సులువు. పాట ఎక్కడ పుట్టిందని అడగడు, మామూలు జనం దాన్ని తీసుకుని తమదిగా పాడుకున్నారా అని అడుగుతాడు. అలా సుమారు పాతిక వేల పాటలకు అంకెలు పడ్డాయి. పీతకీ పడింది, హాళ్ళలో పుట్టి పల్లెలకు చేరిన పాటలకూ పడ్డాయి.

జనానికి ఈ తేడాలేవీ తెలియవు, పండితులే కల్పించారు అని ఇక్కడ ముగించేయాలనిపిస్తుంది. అదీ నిజం కాదు. నార్ఫోక్‌లో వాల్టర్ పార్డన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1914లో పుట్టాడు, మేనమామల దగ్గర పాటలు నేర్చుకున్నాడు, పేరొచ్చింది చాలా ఆలస్యంగా. ఆయన మ్యూజిక్ హాల్ పాటలూ పాడేవాడు, పాత పాటలూ పాడేవాడు, కానీ ఏది పాతదో ఏది తర్వాత వచ్చిందో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. ట్యూన్ నడకలోనే తేడా తెలుస్తుందనేవాడు. తేడా తెలిసీ రెండూ పాడాడు. పండితులకీ ఆయనకీ ఉన్న తేడా ఇదొక్కటే.

మ్యూజిక్ హాల్ కొంటెతనం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూద్దాం. అది పల్లె పాట పద్ధతికి పూర్తిగా తలకిందులు.

ఇంగ్లాండ్‌లో నాటకాల స్క్రిప్టులన్నీ లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజదర్బారు అధికారి ఆఫీసు చదివి ముద్ర వేయాలి, 1968 దాకా ఆ నియమం ఉంది. మ్యూజిక్ హాల్ పాటలకి ఆ బాధ లేదు. కానీ హాలుకి ఏటా లైసెన్సు కావాలి, అది స్థానిక అధికారుల చేతిలో ఉంటుంది. 1889 తర్వాత లండన్‌లో ఆ అధికారం కౌంటీ కౌన్సిల్‌కి వచ్చింది. వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు ప్రేక్షకుల్లో కూర్చుని రిపోర్టులు రాసేవాళ్ళు. రిపోర్టు తేడాగా వెళ్తే ఓనరు వ్యాపారం గోవిందా. అందుకని ఓనరుకి టెన్షన్, ఓనరు నుంచి గాయకులకి టెన్షన్. కాంట్రాక్టుల్లోనే అసభ్యత కూడదని రాసుకునేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు రాసుకోగలిగింది మాటల్నే కాబట్టి, మాటలు కడిగిన ముత్యంలా ఉండాలి. మరి మసాలా ఎక్కడ దాచాలి?

మారీ లాయిడ్ దాన్ని కంట్లో దాచింది. 1870లో పుట్టిన ఈవిడ ఆ కాలపు పెద్ద స్టారు. పల్లెటూరి పిల్ల మొదటిసారి రైలెక్కి లండన్ వచ్చింది, ఇంతకుముందు ఎవరూ తన టిక్కెట్టుకి చిల్లు పెట్టలేదు అని ఒక పాట పాడేది. కాగితం మీద అది రైల్వే పాట. ఆవిడ ఒక క్షణం ఆగి, తల వంచి, ఒక కన్ను గీటితే ఇంక రైలు ఎక్కడుంది? ఆవిణ్ణి అధికారుల ముందుకి పిలిస్తే తన పాటలన్నీ పసిపాపలా పాడి, ఆ తర్వాత పెద్దింటి డ్రాయింగ్ రూముల్లో పాడుకునే టెన్నిసన్ ప్రేమగీతాన్ని అందుకుని, దాన్ని మాత్రం కన్నుగీటుతూ ఒళ్ళు తిప్పుతూ పాడి వాళ్ళని చెమటలు పట్టించిందని ఒక కథ చెప్పుకుంటారు. జరిగిందో లేదో గానీ, ఆ కథ బతికింది అందులో సత్యం ఉండబట్టే. 1912లో రాజుగారి ముందు మ్యూజిక్ హాల్ కళాకారుల మొట్టమొదటి ప్రదర్శన జరిగితే అంత పెద్ద స్టారునీ పిలవలేదు. పదేళ్ళ తర్వాత ఆవిడ చనిపోయినప్పుడు టి.ఎస్. ఎలియట్ వ్యాసం రాసి నివాళి పట్టాడు.

అంటే పల్లె పాటలో కొంటెతనం మాట వెనక అర్థంలో ఉంటుంది, మొహంలో ఏమీ ఉండదు. హాలు పాటలో కొంటెతనం మొహంలో ఉంటుంది, మాటలో ఏమీ ఉండదు. ఇప్పుడు ఈ రెండింటినీ రికార్డు చేయమంటే?

మారీ లాయిడ్ 20వ శతాబ్దం మొదట్లో రికార్డులిచ్చింది. అవి ఇవాళ వింటే నిరాశ కలుగుతుంది. చురుకైన గొంతు, వెనక బ్యాండు, శుభ్రమైన మాటలు. ఇందుకా ఇంత గొడవ అనిపిస్తుంది. కన్ను రికార్డుకెక్కలేదు మరి. కథాగీతాలకి వచ్చిన ఇబ్బంది వేరు. 78 ఆర్‌పీఎమ్ పదంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు దాటదు, ఇరవై చరణాల కథ అందులో ఎక్కడ పడుతుంది? 1908లో లింకన్‌షైర్‌కి చెందిన డెబ్భై ఏళ్ళు దాటిన జోసెఫ్ టేలర్‌ని లండన్ తీసుకెళ్ళి గ్రామఫోన్ కంపెనీ రికార్డు చేయడం గొప్ప సంగతే. ఆయన్ని కనిపెట్టిన సంగీతకర్త పెర్సీ గ్రెయింజర్ అంతకు రెండేళ్ళ ముందే మైనపు గొట్టాల మీద పల్లె గాయకుల గొంతులు ఎక్కించాడు. టోనీ బరాండ్ పుట్టింది ఆ లింకన్‌షైర్‌లోనే, గెయిన్స్‌బరోలో. 1998లో ఆ జంట గ్రెయింజర్ సేకరించిన పాటలతో ఒక ఆల్బమే చేసింది. పండితుడి స్వరాల కాగితం కాకుండా గాయకుడి అసలు గొంతు వినే వీలుండటం వల్ల అది సాధ్యమైంది.

1948లో ఎల్పీ వచ్చాక చరణాల ఇబ్బంది తీరింది, ఒక వైపే ఇరవై నిమిషాల పైన. 1950లలో అమెరికాలో ఆస్కార్ బ్రాండ్, బాంజోతో డేవ్ సియర్ కలిసి బూతు పాటల ఎల్పీల వరస మొదలుపెడితే సంపుటం మీద సంపుటం అమ్ముడుపోయింది. 1966లో లండన్‌లోని టాపిక్ రికార్డు కంపెనీ ఎ.ఎల్. లాయిడ్, యాన్ బ్రిగ్స్, ఫ్రాంకీ ఆర్మ్‌స్ట్రాంగ్‌లతో శృంగార జానపదాల ఎల్పీ తెచ్చింది. అయితే ఈ ఎ.ఎల్. లాయిడ్ గురించి తర్వాత తేలిందేమిటంటే, ఆయన తన దగ్గరున్న పాటల్లో మాటలూ ట్యూన్లూ గుట్టుగా మార్చి పాతవన్నట్టు పాడేవాడు. విక్టోరియా కాలంవాళ్ళు ఉన్న ఉప్పు తీశారు, 60లలో కొందరు లేని కారం వేశారు. అసలు పాట ఏది అని అడిగేవాడు ఇద్దరి చేతివంటనీ అనుమానంగానే చూడాలి.

మరి రాబర్ట్స్, బరాండ్ ఏం చేశారు? వాళ్ళకి కన్ను లేని లోటు తీర్చింది రెండో గొంతు. ఒంటరి గాయకుడు రికార్డులో కన్ను గీటలేడు, కానీ ఇద్దరున్నప్పుడు ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది, అది గొంతులోకి వస్తుంది. శ్రుతి కలిపి, చర్చిలో స్తోత్రం పాడినంత గంభీరంగా బూతు పాట పాడితే ఆ గంభీరమే కన్నుగీటు. రెండోది, జనం. 1980లలో చికాగోలోని హోల్‌స్టీన్స్ క్లబ్బులో వాళ్ళు ప్రేక్షకుల ముందే ఒక ఆల్బం రికార్డు చేశారు. మ్యూజిక్ హాల్ పాటకి కోరస్ అందుకునే హాలు లేకపోతే అది సగం పాటే. స్టూడియో దాన్ని ఇవ్వలేదు, క్లబ్బు ఇస్తుంది. పైగా వింటున్నది అమెరికన్లు. లండన్ యాసలో జోకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ముందు మాటల్లో విడమర్చాలి. ఇద్దరూ పై చదువులు చదివినవాళ్ళే, ఆ పాఠం చెప్పడం కూడా వినోదంలో భాగమైపోయింది.

ఈ గొడవంతా మనకెందుకంటే, ఆ కత్తెర సముద్రం దాటి మన దగ్గరికీ వచ్చింది. ఏది అశ్లీలమో తేల్చడానికి ఇంగ్లాండ్ కోర్టు 1868లో హిక్లిన్ కేసులో ఒక కొలత పెట్టింది: చెడిపోయే స్వభావం ఉన్నవాళ్ళ చేతిలో పడితే వాళ్ళని చెడగొట్టే రాత అశ్లీలం. ఇంగ్లాండ్ దాన్ని 1959 చట్టంతో మార్చుకుంది. మన సుప్రీంకోర్టు 1964లో కూడా దాన్నే పట్టుకుంది. బేరింగ్-గూల్డ్, షార్ప్ పుస్తకాలు బళ్ళలోకి వెళ్తున్న ఆ ఏళ్ళలోనే, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వావిళ్ళవారి ద్వారా ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను ఒక్క పద్యం వదలకుండా అచ్చు వేయించింది. అంతకుముందే వీరేశలింగం పంతులు ఆ కావ్యాన్ని అసభ్యమని తీసిపారేశాడు. 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ఎత్తేశారు. నాగరత్నమ్మ చేసింది, ఇంగ్లాండ్‌లో రీవ్స్ 1958లో చేసిన పనే, దాదాపు యాభై ఏళ్ళ ముందు. లండన్ మ్యూజిక్ హాల్ పాటలు రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గే 1902లో అదే గ్రామఫోన్ పెట్టెలతో కలకత్తా వచ్చాడు. తర్వాతి ఏళ్ళలో గ్రామఫోన్ కంపెనీ దక్షిణాదిన దేవదాసీ గాయనుల తెలుగు జావళీలు కూడా మూడేసి నిమిషాలకు కుదించి ఎక్కించింది. అభినయంలో కన్ను చెప్పే సగం జావళీ ఆ రికార్డుల్లోనూ లేదు.

బూతు పాటలకి న్యాయం జరిగిందని సంబరపడేముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ పాటలన్నీ సరదా పాటలు కావు. కొన్నిటిలో ఆ పిల్ల వద్దంటుంది, వాడు వినడు, చివరి చరణంలో కడుపుతో ఉన్న పిల్ల మీద కోరస్ నవ్వుతుంది. ఆ పాటల్ని దాచినవాళ్ళంతా శుద్ధాచారపరులే అనుకోవడం 60ల నాటి ఉత్సాహం. అచ్చులో ఉండాలి, లైబ్రరీలో ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు. అమెరికాలో వాన్స్ రాండాల్ఫ్ ఓజార్క్ కొండల్లో సేకరించిన పచ్చి పాటల సంపుటాలు ఆయన పోయిన పన్నెండేళ్ళకి, 1992లో గానీ అచ్చు కాలేదు, అది అన్యాయమే. కానీ పుస్తకంలో ఉండటం వేరు, మైకు ముందు నిలబడి జనాన్ని కోరస్ అందుకోమనడం వేరు. ఇవాళ పాడేవాళ్ళు కొన్ని పాటలు మానేస్తున్నారు, కొన్నిటికి ముందుమాట చెప్తున్నారు, కొన్నిటిని ఆడగొంతుకి ఇచ్చేస్తున్నారు. గొంతు మారితే అదే చరణం ఫిర్యాదులా వినబడుతుంది.

పాత పాటల్లోనే ఇంకో దారి కూడా ఉంది. 1609 నాటి అచ్చుప్రతిలో ఒక పాట దొరుకుతుంది, చైల్డ్ దానికి 112 అంకె ఇచ్చాడు. గుర్రం మీద పోతున్న ఒక దొర దారిలో ఒంటరి పిల్లని చూసి అక్కడే పచ్చికలో పడుకుందాం రమ్మంటాడు. తడి గడ్డిలో నా గౌను పాడైపోతుంది, మా నాన్నగారింటికి తీసుకెళ్ళు, అక్కడ మెత్తటి పరుపుంది అంటుందామె. దొర సంతోషంగా గుర్రమెక్కించుకుని తీసుకెళ్తాడు. కోట దగ్గర దిగి ఆమె గబుక్కున లోపలికి దూరి తలుపు గడియ పెట్టేసి, దొరికినప్పుడు చేతకాలేదు, ఇప్పుడు పో అని లోపల్నుంచి వెక్కిరిస్తుంది. దొర బయట గుర్రం పక్కన నిలబడి ఉంటాడు, కోరస్ ఆయన మీద మొదలవుతుంది.